కోపమా, నిద్రా, తలనొప్పా?

ఏప్రిల్ 2న ప్రపంచ ఆటిజం అవగాహన దినమని మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. నీలం బొమ్మ మీద తెల్ల అక్షరాలు. ఆటిజం ఉన్న పిల్లలకు ఎదుటివాళ్ళ కళ్ళలో బాధ కనబడదట. అందుకని వాళ్ళకు జాలి, దయ తెలియవట. అయినా మనం వాళ్ళను ప్రేమించాలట. పంపినావిడ మంచి మనిషి. మా తమ్ముడికి ఆటిజం ఉన్న సంగతి ఆమెకు తెలుసు, నా మీద అభిమానంతోనే పంపింది. చాలామంది కింద దండాలు పెట్టారు. నేను రెండు మూడు సార్లు టైప్ చేసి చెరిపేశాను. చెప్పాల్సింది చాలా ఉంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తమ్ముడికి ఇప్పుడు 27 ఏళ్ళు. తిరుపతిలో లీలామహల్ దగ్గర ఒక జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేస్తాడు. కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు వాడి చేతి మీదుగా పోతాయి. నాలుగొందల పేజీల్లో ఒక్క పేజీ తలకిందులుగా ఉన్నా పట్టుకుంటాడు. ఎదుటి మనిషి మొహం మాత్రం చూడడు. మాట్లాడేటప్పుడు గోడ మీది క్యాలెండర్ చూస్తాడు.

కంటి సైగ

మన ఇళ్ళలో సగం మాటలు కళ్ళతోనే నడుస్తాయి. చుట్టాలింటికి పోతే రెండో లడ్డు తీసుకోవాలా వద్దా అన్నది అమ్మ కళ్ళలో ఉంటుంది. నాన్న పేపర్ పక్కకు తీసి ఒక్క చూపు చూస్తే టీవీ ఆగిపోవాలి. అత్తగారు వింటున్నారని కోడలు మొగుడికి చెప్పాల్సిన మాటంతా కళ్ళతోనే చెబుతుంది. ఇవి నాకెవరూ నేర్పలేదు, ఐదారేళ్ళకే వచ్చేశాయి. వచ్చేశాయి కాబట్టి, వీటిని నేర్చుకోవాల్సి ఉంటుందన్న ఆలోచనే నాకు చాలాకాలం రాలేదు.

తమ్ముడికి తొమ్మిదేళ్ళప్పుడు పుత్తూరులో మా పెద్దత్త కూతురి పెళ్ళి. మధ్యాహ్నం బంతికి కూర్చునే ముందు వాడు పెళ్ళికొడుకు తరపు పెద్దావిడ పక్కన చేరి, ఆమె మెడలో గొలుసు ఎన్ని సవర్లని అడగడం మొదలుపెట్టాడు. ఆమె చెప్పలేదు. మళ్ళీ అడిగాడు. అమ్మ దూరం నుంచి గుడ్లురిమింది. వాడు చూశాడు. అమ్మ ఇంకా పెద్దగా గుడ్లురిమింది. వాడు ఆ గొలుసు సంగతి వదిలేసి గబగబా నడిచొచ్చి, "అమ్మా, కంట్లో ఏమన్నా పడిందా?" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు. భోజనాల దగ్గరికి పోయి గ్లాసుతో నీళ్ళు తెచ్చి, "కడుక్కో" అని పట్టుకుని నిలబడ్డాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అమ్మ మొహం ఎర్రబడింది. నేను అప్పుడు పద్నాలుగేళ్ళ దాన్ని, సిగ్గుతో స్తంభం వెనక్కి పోయాను. అమ్మ మొహం కడుక్కుంది. పోయిందా అని వాడు అడిగాడు. పోయింది నాయనా అంది. అప్పుడే గ్లాసు తీసుకుపోయాడు.

ఆ మెసేజ్ చదివినప్పుడు నాకు మొట్టమొదట ఆ గ్లాసే గుర్తొచ్చింది. అమ్మ కళ్ళలో ఏదో అయ్యిందని వాడు చూశాడు. ఏమయ్యిందో తప్పుగా అనుకున్నాడు. కానీ ఆ మంటపంలో ఆమె కోసం లేచి నీళ్ళు తెచ్చిన మనిషి వాడొక్కడే. సైగను తప్పుగా అర్థం చేసుకోవడం ఒకటి, జాలి లేకపోవడం ఒకటి. ఈ రెండింటినీ ఒక్కటిగా కలిపేసి మనం ఇన్నేళ్ళుగా పిల్లల మీద ముద్ర వేస్తున్నాం.

36 ఫొటోలు

కళ్ళు చదవలేనివాళ్ళకు జాలి తెలియదన్న ఆ మాట ఊరికే పుట్టలేదు. కేంబ్రిడ్జిలో సైమన్ బారన్ కోహెన్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసేవాళ్ళు, 1997లో కళ్ళు చూసి మనసు చెప్పే పరీక్ష ఒకటి తయారుచేశారు. 2001లో దాన్ని సరిదిద్దారు. ప్రపంచమంతా వాడుతున్నది ఆ రెండోదే. మొత్తం 36 నలుపు తెలుపు ఫొటోలు. ఒక్కో దాంట్లో కళ్ళు, కనుబొమలు ఉన్న పట్టీ మాత్రమే. చుట్టూ నాలుగు పదాలు. ఆ మనిషి మనసులో ఏముందో ఎంచుకోవాలి. సగటున ఆటిజం ఉన్నవాళ్ళకు తక్కువ మార్కులు వస్తాయి.

మా పెదనాన్న మనవరాలు సైకాలజీ చదువుతోంది. పోయినేడు సెలవుల్లో ఇంటికొచ్చి, ఫోన్లో ఆ పరీక్ష మా ఇద్దరికీ పెట్టింది. ఇంగ్లీషు పదాలకు తనే తెలుగు చెబుతూ పోయింది. నాలుగో ఐదో ఫొటోలయ్యాక తమ్ముడు అడిగాడు: "ఈయన మొహంలో మిగతాది యాడ పోయింది? ఏమి మాట్లాడతా ఉండాడు?" అది పరీక్షలో లేదని ఆ పిల్ల చెప్పింది. "అయితే ఈయన్ని అడిగినారా?" అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. తర్వాత ఆ పిల్ల దగ్గరే వివరాలు తెప్పించుకుని చదివాను. అడగలేదు. ఆ ఫొటోలు పత్రికల్లోంచి తీసుకున్నవి. జవాబులు ముందు తయారుచేసినవాళ్ళు రాసుకున్నారు. తర్వాత కొంతమందికి చూపించి, వాళ్ళలో ఎక్కువమంది ఒప్పుకున్న పదాన్ని సరైన జవాబుగా ఉంచారు. ఫొటోలోని మనిషి ఆ క్షణంలో ఏమనుకుంటున్నాడో ఎవరికీ తెలియదు. పదిమందికీ ఎలా తోచిందో అలాగే నీకూ తోచిందా అన్నదే అక్కడ పరీక్ష. అది కూడా తెలుసుకోదగ్గ విషయమే, కాదనను. కానీ దానికి మనసు చదవడం అని పేరు పెట్టి, తక్కువ మార్కులొచ్చిన వాడికి మనసే లేదన్నంత దాకా తీసుకుపోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఇంకో రెండు సంగతులున్నాయి. ఆ ఫొటోల్లో ఉన్నవాళ్ళంతా తెల్లవాళ్ళు. మా తమ్ముడు పుట్టినప్పటి నుంచి చూసిన మొహాలు కొర్లగుంటవి, చంద్రగిరివి, కొండకు పోయే గుండు భక్తులవి. రెండోది, పదాలు. తెలుగులో చెప్పుకుంటే "పరధ్యానం", "తటపటాయింపు", "లోలోపల ఆలోచన" లాంటి పదాల మధ్య తేడా తెలిసి ఉండాలి. తెలుగు టీచర్నే అయినా నేను రెండుచోట్ల తడబడ్డాను. వాడికి 17 వచ్చాయి, నాకు 23. ఆ ఆరు మార్కుల్లో కళ్ళవెన్ని, పదాలవెన్ని అని ఎవరు విడదీస్తారు?

కొంతవరకు విడదీసినవాళ్ళు ఉన్నారని తర్వాత తెలిసింది. తన మనసులో కలిగేది కోపమో, భయమో, దిగులో తనకే పేరు పెట్టి చెప్పలేని స్థితి ఒకటి ఉంది. అలెక్సితీమియా అంటారు. అది ఆటిజం కాదు. ఆటిజం లేనివాళ్ళలోనూ నూటికి సుమారు ఐదుగురికి ఉంటుంది. ఆటిజం ఉన్నవాళ్ళలో సగం మందికి ఉంటుంది, సగం మందికి ఉండదు. 2016లో ఇంగ్లండ్ పరిశోధకులు కొందరు ఈ రెండింటినీ వేరుచేసి అదే కళ్ళ పరీక్ష పెట్టారు. మార్కులు తగ్గింది అలెక్సితీమియా వల్ల, ఆటిజం వల్ల కాదు అని తేలింది. తన దిగులుకే పేరు తెలియని మనిషి ఎదుటివాడి దిగులుకు పేరెలా పెడతాడు? ఇది చదివినప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చాడు. ఆయనకు ఆటిజం లేదు. కానీ తాత పోయిన నెలంతా ఏమైంది నాయనా అంటే "ఏం లేదు, కడుపులో బాగలేదు" అనేవాడు. ఆయనకు దయ లేదని ఎవరూ అనలేదు.

అదే పరిశోధనలో నా వాదనకు అడ్డొచ్చే ముక్క కూడా ఉంది, అది చెప్పకపోతే తప్పవుతుంది. నలుగురు మనుషులు కలిసి మాట్లాడుకునే సినిమా చూపించి, ఎవరు ఏ ఉద్దేశంతో ఏమన్నారని అడిగినప్పుడు ఆటిజం ఉన్నవాళ్ళు వెనకబడ్డారు. అక్కడ అలెక్సితీమియా వల్ల తేడా రాలేదు, ఆటిజం వల్లే వచ్చింది. కాబట్టి కష్టమే లేదని నేను అనడం లేదు. పుత్తూరు పెళ్ళిలో జరిగింది ఆ కష్టమే. ఆ కష్టం ఎవరు మోయాలన్నదే నా బాధంతా.

బిస్కెట్

వాడికి పదకొండో ఏట ఆటిజం అని చెప్పారు. అప్పటి నుంచి రెండేళ్ళు ఒక థెరపీ సెంటర్‌కు తీసుకుపోయాం. అక్కడ టీచరమ్మ వాడికి ఇష్టమైన క్రీమ్ బిస్కెట్‌ను తన రెండు కళ్ళ మధ్య పట్టుకునేది. వాడు కళ్ళలోకి చూస్తే బిస్కెట్. మొదట ఒక్క సెకను, తర్వాత మూడు, తర్వాత ఐదు. నోట్‌బుక్‌లో రాసుకునేది. అమ్మ బయట బెంచీ మీద కూర్చుని ఆ అంకెల కోసం ఎదురుచూసేది. ఐదు సెకన్లు చూశాడన్న రోజు గోవిందరాజస్వామి గుడికి పోయి కొబ్బరికాయ కొట్టింది.

వాడు రాత్రుళ్ళు నిద్రపోవడం మానేశాడు. ఇంట్లో అద్దం మీద తువ్వాలు కప్పేవాడు. ఆ సెంటర్ ఎందుకు మానిపించామంటే, మాకు తెలివొచ్చి కాదు, ఫీజు పెరిగి. అది నాకిప్పటికీ బాధే.

2017లో అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. మెదడును స్కాన్ చేస్తూ, ఆటిజం ఉన్నవాళ్ళ చూపు మొహంలో కళ్ళ మీదే నిలిచేలా చేశారు. మెదడు లోపలి భాగాల్లో స్పందన మామూలు కంటే చాలా ఎక్కువగా వచ్చింది. అంటే ఎదుటివాళ్ళంటే లెక్కలేక చూపు తిప్పుకోవడం లేదు, ఆ చూపు మోయలేనంత బరువైపోయి తిప్పుకుంటున్నారు. నేను ఇది అమ్మకు చెప్పినప్పుడు ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. "స్వామికి కండ్ల మీద నామం ఎందుకు పెట్టినారనుకుంటివి? ఆ చూపు మనం తట్టుకోలేమనే కదా" అంది. మా ఊరివాళ్ళకు తెలిసిందే, వారంలో గురువారం నాడు నామం సన్నం చేసినప్పుడే ఆయన నేత్రాలు కనబడేది. చూపుకు బరువుంటుందని ఆమె చిన్నప్పటి నుంచి నమ్మింది. బిస్కెట్ రోజుల్లో అది కొడుక్కి వర్తిస్తుందని ఆమెకు తోచలేదు. తోచకుండా చేసింది మేమే, చదువుకున్నవాళ్ళం.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజాన్ని చేర్చాక, 2018లో వైకల్య సర్టిఫికెట్ కోసం వాడిని తీసుకుపోయాం. మన దేశంలో ఆటిజం ఎంత ఉందో కొలిచే ప్రశ్నావళిలో 40 అంశాలుంటాయి. అందులో మొట్టమొదటిదే కళ్ళలోకి చూడకపోవడం. లక్షణం గుర్తుపట్టడానికి అది పనికొస్తుంది, ఒప్పుకుంటాను. కానీ గుర్తును మందనుకుంటున్నాం. దగ్గు వినబడకుండా నోరు మూస్తే జబ్బు తగ్గినట్టా?

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒకమ్మాయి, తనకూ ఆటిజం ఉంది, నాతో ఒకసారి చెప్పింది: "నేను ఆడవాళ్ళతో మాట్లాడేటప్పుడు బొట్టు చూస్తానండీ. మగవాళ్ళయితే కళ్ళజోడు ఫ్రేము. కళ్ళలోకి చూస్తే వాళ్ళు చెప్పేది వినబడదు." పదేళ్ళుగా ఎవరూ కనిపెట్టలేదట. ఇంటర్వ్యూలు గట్టెక్కింది. సాయంత్రం ఇంటికొచ్చాక గంటసేపు చీకటి గదిలో పడుకుంటుంది. తనంతట తాను ఎంచుకున్న దారి కాబట్టి నేను తప్పుపట్టను. కానీ ఆ గంట జీతంలో ఎక్కడా కనబడదు.

మోసపోడా?

నన్ను అందరూ అడిగేది ఇదే. కళ్ళు చదవడం రాకపోతే లోకంలో ఎలా బతుకుతాడు, ఎవరైనా మోసం చేస్తే?

చేశారు. షాపుకు రోజూ వచ్చే ఒకతను "రేపిస్తా తమ్ముడూ" అంటూ ఆరుసార్లు బైండింగ్ చేయించుకుని పోయాడు. పక్కనున్న కుర్రాడికి కన్ను గీటి మరీ పోయేవాడట. తమ్ముడు ఆ కన్ను గీటడం చూడలేదు. చూసినా, కంట్లో ఏదో పడిందనుకునేవాడు. ఓనరు ఆ డబ్బులు వాడి జీతంలో కోయలేదు, ఆయన మేలు మరవను. ఇప్పుడు వాడికి ఒక నియమం ఉంది: పాత బాకీ ఉంటే కొత్త పని చేయడు. ఎవరైనా సరే. మొహమాటం లేదు కాబట్టి ఆ నియమం వాడి దగ్గర నిలుస్తుంది, నా దగ్గరైతే నిలవదు.

అన్నీ చదవగలిగిన మా నాన్న సంగతి చెబుతాను. కొన్నేళ్ళ కిందట మా వీధిలో చీటీలు వేసే ఒకాయన ఇంటికొచ్చి, నాన్న చేతులు పట్టుకుని, కళ్ళలోకి సూటిగా చూసి మాటిచ్చాడు. "ఆ మనిషి కండ్లలో అబద్ధం లేదు" అన్నాడు నాన్న. 1,80,000 పోయాయి. నేను అప్పుడు డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను, ఇల్లు ఎలా నడిచిందో నాకు తెలుసు. కళ్ళ మీద మనకున్న నమ్మకం ఎంత గట్టిదంటే, అన్నిసార్లు తప్పినా దాన్ని అనుమానించం. వాడు ఒక్కసారి తప్పితే మాత్రం అది వాడి జబ్బు.

అయినా ఈ భయం నాకు పూర్తిగా పోలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు బస్టాండు దగ్గర తాగినవాడు ఎదురైతే, పోలీసాయన ఆపి అడిగితే, తమ్ముడు క్యాలెండర్ లేని చోట ఎటు చూస్తాడు? అలాంటి వాటికి ఏం చేయాలో మాటల్లో నేర్పించాం. జేబులో కార్డు పెట్టుకుంటాడు. అది చాలదని నాకు తెలుసు. లోకం మారేదాకా ఆగితే వాడి వయసు ఆగదు, కాబట్టి వాడికి కొంత నేర్పక తప్పదు. నా వాదన ఇక్కడ కొంచెం బలహీనపడుతుంది, పడనీ.

రెండు వైపులా

2012లో డేమియన్ మిల్టన్ అనే ఆయన, ఆయనకూ ఆటిజం ఉంది, ఒక మాట రాశాడు. అర్థం కాకపోవడం ఒకవైపే లేదు, రెండువైపులా ఉంది అని. వాళ్ళకు మనం ఎంత అర్థం కామో, మనకూ వాళ్ళు అంతే అర్థం కారు. మనం ఎక్కువమందిమి కాబట్టి లోపం వాళ్ళ పేరున రాసుకున్నాం. ఎడిన్‌బరోలో కేథరిన్ క్రాంప్టన్, తోటివాళ్ళు 2020లో చూపించింది ఇంకో సంగతి. ఎనిమిది మంది వరుసగా ఒక కథను ఒకరికొకరు చెప్పుకుంటూ పోవాలి. అందరూ ఆటిజం ఉన్నవాళ్ళే అయితే, అందరూ లేనివాళ్ళే అయిన వరుసకు ఏమీ తీసిపోలేదు. ఇద్దరినీ కలిపిన వరుసలోనే కథ ఎక్కువ జారిపోయింది. తర్వాత ఇంకా ఎక్కువమందితో చేసినప్పుడు కలిపిన వరుసలో ఆ నష్టం కనబడలేదు, అది కూడా చెప్పాలి. కానీ రెండుసార్లూ ఆటిజం ఉన్నవాళ్ళ వరుస వెనకబడలేదు.

మా ఇంట్లో మేము వాడిని ఎన్నిసార్లు తప్పుగా చదివామో లెక్కలేదు. నాన్న ఆస్పత్రిలో ఉన్న పదిహేను రోజులూ వాడు ఒక్కసారి ఏడవలేదు, పనికి పోయొచ్చాడు. చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. ఒకరోజు రాత్రి నాతో అన్నాడు: "అక్కా, అమ్మ గిన్నెలు చప్పుడు కాకుండా పెడతా ఉంది. కోపమొస్తే గట్టిగా పెడుతుంది. ఇప్పుడు అసలు చప్పుడే లేదు. నువ్వు ఆమెతో పండుకో." నేను ఆ పదిహేను రోజులూ అమ్మ మొహం చూస్తూనే ఉన్నాను. అమ్మ నాతో నవ్వుతూనే మాట్లాడింది. ఆ నవ్వును నమ్మి నేను నా గదిలో నిద్రపోయాను.

వాడికి ఎక్కడ హాయిగా ఉంటుందో చెబితే నేను అనేది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. పలమనేరు వైపు అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఎండాకాలం పద్దెనిమిది రోజుల భారతం జరుగుతుంది. రాత్రి నాటకాలకు వాడు తెల్లారేదాకా కదలడు. జనం, చప్పుడు వాడికి పడవు, అయినా దూదులు చెవుల్లో పెట్టుకుని కూర్చుంటాడు. ఎందుకంత ఇష్టమని అడిగాను. "వాళ్ళు వచ్చీ రాగానే ఎవురో చెప్తారు. కోపమొస్తే కోపమొచ్చిందని పాడతారు" అన్నాడు. దుర్యోధనుడు తెర దాటి ముందుకొచ్చి, తానెవరో, ఎందుకు మండిపడుతున్నాడో దరువు వేసి మరీ చెబుతాడు. వెయ్యి మందిలో చివరి వరసవాడికీ అర్థమవుతుంది. అలా చెప్పినందుకు ఆ బాధ చిన్నదైపోలేదు. ద్రౌపది ఏడిస్తే ఊరంతా ఏడుస్తుంది, వాడు కూడా.

అందుకే పిల్లలకు కళ్ళు చదవడం నేర్పే ముందు, పెద్దవాళ్ళం నోరు తెరవడం నేర్చుకోవాలని అంటున్నాను. కంటి సైగ తొందరగా పని అయ్యే పద్ధతే, కానీ చెప్పినవాళ్ళకు తప్పించుకునే వీలున్న పద్ధతి. "నేనేమన్నానా?" అనొచ్చు. మాటతో చెబితే అలా అనలేం. నా కోపానికి నేనే పూచీ పడాలి. నా క్లాసులో కూడా ఈ ఏడు నుంచి చూపుతో నోరు మూయించడం మానేశాను. "మీరు మాట్లాడితే నాకు పాఠం చెప్పడం కష్టంగా ఉంది" అంటాను. మొదట్లో పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇప్పుడు వెనక బెంచీలో ఒక పిల్లవాడు "నాకూ కష్టంగా ఉంది మేడమ్, అర్థం కాలేదు" అంటున్నాడు. వాడికి ఆటిజమో కాదో నాకు తెలియదు.

తమ్ముడికి తనదైన పరీక్ష ఒకటుంది. ఇంట్లో ఎవరు తేడాగా ఉన్నా దగ్గరికొచ్చి, గోడవైపు చూస్తూ, "కోపమా, నిద్రా, తలనొప్పా?" అంటాడు. చిన్నప్పుడు మూడే, నాన్న పోయాక నాలుగోది చేర్చాడు: "నాయన గుర్తొచ్చినాడా?" కేంబ్రిడ్జి పరీక్షలోనూ నాలుగు మాటలే. కాకపోతే వీడు ఆ మనిషినే అడుగుతాడు.

పోయిన వారం స్కూల్లో ఒక గొడవ జరిగి ఇంటికొచ్చాను. చెప్పులు విప్పుతుంటే అడిగాడు. తలనొప్పి అన్నాను.

"తలనొప్పయితే కొంగు తలకి కట్టుకుంటావు. కట్టుకోలేదే."

కాసేపు ఆలోచించాను. "తెలీలేదురా" అన్నాను.

"తెలిసినాక చెప్పు" అని లోపలికి పోయి ట్యూబులైటు ఆర్పాడు.

అన్నం తిన్నాక చెప్పాను.